ఎవరి పేరుతోనో ఆడిన అన్న

అన్న పోయాడన్న కబురు నాకు వేరే మనిషి పేరుతో వచ్చింది.

ఆదివారం పొద్దున పది కావస్తోంది. తార్నాకలో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. యూనివర్సిటీ గ్రౌండ్ దగ్గర చాయ్ బండి పెట్టుకున్నాయన ఫోన్ చేశాడు. "సార్, మీ అన్న బాస్కెట్‌బాల్ కోర్టుల పడిపోయిండు. ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిన్రు. జర జల్ది పోండి" అన్నాడు. ఆరేయబోతున్న తడి చొక్కా భుజాన వేసుకునే మెట్లు దిగినట్టున్నాను, ఆసుపత్రి గేటు దగ్గర చూసుకుంటే అది ఇంకా నా మీదే ఉంది.

ఎమర్జెన్సీ కౌంటర్‌లో అన్న పేరు చెప్పాను. అక్కడ కూర్చున్నామె రిజిస్టర్ రెండుసార్లు చూసి, "ఆ పేరుతోని ఎవ్వరు రాలేదు సార్" అంది. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ కాలో బెణికి ఉంటుంది, కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లి ఉంటాడు, చాయ్ బండాయన ఊరికే కంగారు పెట్టాడు అనుకున్నాను. బయట బెంచీ మీద కూర్చుని అన్న ఫోన్‌కు చేస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆమె నన్ను చెయ్యూపి పిలిచింది. "బాస్కెట్‌బాల్ డ్రెస్సుల ఒకాయన్ని తెచ్చిన్రు సార్. ఆయన పేరు వేరే ఉన్నది. తెచ్చేవరకే అయిపోయింది" అని ఒక పేరు చదివింది. ఆ పేరు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. అయినా ఆ మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది. వేరే వాళ్ల పేరుతో ఆట ఆడుతూ చచ్చిపోగలిగిన మనిషి ఈ నగరంలో నాకు తెలిసి ఒక్కడే.

సంగతి ఏమిటంటే, ఆ రోజు క్యాంపస్ కోర్టులో కంపెనీల ఉద్యోగుల టోర్నమెంటు. ఉద్యోగులే ఆడాలి, కంపెనీ కార్డు చూపించాలి. ఒక కంపెనీకి పొడుగు మనిషి లేడు. అన్నను పిలిచారు. ఎవరో ఉద్యోగి తన కార్డు, తన జెర్సీ ఇచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నలభై ఏడేళ్ల అన్న ఆ కార్డు చూపించి కోర్టులోకి దిగాడు, రెండో క్వార్టర్‌లో రింగుకు తగిలి తిరిగొచ్చే బంతి కోసం ఎగిరి కింద పడ్డవాడు మళ్లీ లేవలేదు. జేబులో ఉన్న కార్డు చూసి ఆసుపత్రివాళ్లు పేరు రాసుకున్నారు.

ఆ కార్డు తాలూకు మనిషి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. నేను అన్న తాలూకు అని తెలిసి దగ్గరికొచ్చి, "సార్, నా పేరు తీసేయించండి సార్. చచ్చిపోయినట్టు నా పేరు రాశారు. మా అమ్మకు ఎవరైనా ఫోన్ చేస్తే తట్టుకోలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లోపల నా అన్న ఉన్నాడు, వీడికి పేరు గొడవ. చెంప పగలగొడదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్న నా రక్తసంబంధం కాదు. ఇరవై రెండేళ్ల కిందట భువనగిరి పక్క ఊరి నుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చి హాస్టల్లో పడ్డాను. పొడుగు తప్ప నాకు ఇంకే అర్హతా లేదు. సాయంత్రం కోర్టు పక్కన నిలబడి చూస్తుంటే, ఒకాయన బంతి చంకన పెట్టుకుని వచ్చి, "ఏంది, గంత పొడుగు పెరిగి గీడ కరెంటు స్తంభం లెక్క నిలవడ్డవ్? లోపలికొచ్చి నిలవడు, పనికొస్తవ్" అన్నాడు. అదీ పరిచయం. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఇల్లు మల్కాజ్‌గిరిలో, తండ్రి ఏదో వర్క్‌షాపులో ఫిట్టర్. క్యాంపస్‌లో ఏదో కోర్సులో చేరి ఉన్నాడు. అది ఏ కోర్సో ఆయనకే సరిగ్గా గుర్తుండేది కాదు. కోర్టు కోసం చేరాడు.

నాకు మొదట నేర్పింది స్క్రీన్ పెట్టడం. అంటే మనవాణ్ని తరుముతున్న ఎదుటివాడికి అడ్డంగా వెళ్లి కదలకుండా నిలబడాలి. వాడు వచ్చి మన ఛాతీకి గుద్దుకుంటాడు, ఆ సందులో మనవాడు తప్పించుకుని బంతి వేస్తాడు. స్కోరు వాడిది, దెబ్బ మనది. "చప్పట్లు వానికే కొడ్తరు. నువ్వు దిక్కులు చూడకు, మళ్ల పోయి నిలవడు" అనేవాడు. నేను రెండు దెబ్బలకే ఛాతీ పట్టుకుని కూర్చునేవాణ్ని. అన్న పాతికేళ్లు అదే పని చేశాడు.

ఏ కోర్టుకు పోయినా ముందు బంతిని రింగు వెనక బోర్డుకు కొట్టి చప్పుడు వినేవాడు. రెండు మూడుసార్లు కొట్టి, తలూపి, అప్పుడు బూట్లు కట్టుకునేవాడు. దేశమంతా కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు కదా, ఏదైనా ఊరి సంగతి అడిగితే కోటలు, గుళ్లు, సముద్రం ఏమీ చెప్పేవాడు కాదు. "గా ఊర్ల బోర్డు మొద్దుది. బంతి వడ్తే సచ్చినట్టే" అనేవాడు. ఒక ఊళ్లో రింగు ఎడమవైపు వంగి ఉందట. పదేళ్ల తర్వాత మళ్లీ పోతే ఇంకా వంగే ఉందట. ఆ సంగతి చెప్పేటప్పుడు చిన్నప్పటి స్నేహితుడు కనిపించినంత సంతోషం ఆయన మొహంలో.

చెన్నైలో ఒక బ్యాంకు టీముకు పదకొండు నెలలు ఆడాడు. పన్నెండో నెల వస్తే పర్మనెంట్ చేయాల్సి వస్తుందని పదకొండుకే చేతులు దులుపుకున్నారు. తర్వాత ఒక చక్కెర ఫ్యాక్టరీ టీము. ఫ్యాక్టరీ మూతపడింది. ఉత్తరాదిన పోలీసు జట్టులో రెండు సీజన్లు గెస్టు ఆటగాడు. మాల్దీవుల్లో ఒక సీజన్. ఆ తర్వాత లైట్లు, పాటలు, టీవీలతో ఒక లీగ్ మొదలైంది. జట్టుతో పాటు అన్న బొమ్మ కూడా పెద్ద ఫ్లెక్సీ మీద వేశారు. రెండేళ్లకు లీగ్ లేదు, ఫ్లెక్సీ లేదు, ఫోన్ ఎత్తే మనిషి లేడు. ప్రతిసారీ కాచిగూడలో రైలెక్కించడానికి నేనే వెళ్లేవాణ్ని. ప్రతిసారీ ఒకటే మాట, "ఈసారి పక్కారా. పర్మనెంట్ చేస్తం అన్నరు." రైలు కదిలేముందు నా మొహం చూసి నవ్వేవాడు. "నువ్వేందిరా ఏడుపు మొహం పెట్టినవ్? యాడికి పోయినా కోర్టు ఇరవై ఎనిమిది మీటర్లే కదా."

సీజన్ అయిపోయి ఇంటికి రాగానే చేసే పని ఒకటుండేది. గడప మీద కూర్చుని బ్లేడుతో జెర్సీ మీది టీము పేరు కుట్లు విప్పేవాడు. గుడ్డ చిరగకుండా, ఒక్కో దారం లాగుతూ. తర్వాత వాటినే ఇంట్లో తొడుక్కునేవాడు. కానీ అక్షరాలు ఉన్నచోట రంగు వెలిసిపోదు కదా, చొక్కా అంతా పాలిపోయి ఆ పేరు ముదురు రంగులో అలాగే కనిపించేది. చంటి కూతుర్ని ఎత్తుకుని మల్కాజ్‌గిరి గల్లీలో నిలబడితే వీపు మీద మూతపడ్డ ఫ్యాక్టరీ పేరు చదువుకోవచ్చు. వదిన ప్రైవేటు స్కూల్లో టీచరు. "మీ అన్న సూట్‌కేసు ఎన్నడు పూరాగ ఖాళీ చేయడు తమ్మీ. సగం బట్టలు దాంట్లనే ఉంటయ్" అని ఒకసారి నవ్వుతూనే చెప్పింది.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఇక్కడిదాకా రాయడం తేలిగ్గానే ఉంది.

ఆటలో "పేరు మీద ఆడటం" అని ఒక అలవాటు ఉంది. ఇది రాసిన రూలు కాదు, అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. జట్టు జాబితాలో ఒకడి పేరు ఉంటుంది, ఆడేవాడు ఇంకొకడు. ఎవరికో జ్వరం, ఎవరికో పరీక్ష, ఇంకెవరికో రూలు అడ్డం. మేనేజరు కార్డు మీద ఫోటో మార్చి అంటిస్తాడు. గెలిస్తే కప్పు జట్టుది, సర్టిఫికెట్ జాబితాలో పేరు ఉన్నవాడిది. ఆడినవాడికి రైలు టికెట్టు, తిండి, భుజం మీద ఒక చరుపు. అన్న అలా ఎంతమంది పేర్లతో ఆడాడో నాకు తెలియదు. వాటిల్లో ఒకటి నాది.

ఎం.ఏ. రెండో ఏడు ఎలాగో రాష్ట్ర జట్టు జాబితాలో చివరి పేరుగా నన్ను ఎక్కించారు. జాతీయ పోటీలకు పోవడానికి వారం ముందు నాకు కామెర్లు వచ్చాయి. అన్న ఆ ఏడు ఇంకో రాష్ట్రం తరఫున ఆడి ఉన్నాడు, కాబట్టి రూలు ప్రకారం మా జట్టుకు ఆడకూడదు. మేనేజరు హాస్టల్‌కు వచ్చి, "నీ జెర్సీ, నీ కార్డు ఇయ్యి. అన్న నీ పేరు మీద ఆడ్తడు" అన్నాడు. నేను సంబరంగా ఇచ్చాను. నా పేరు అన్న వీపు మీద ఉంటుందంటే గర్వమే అనిపించింది.

జట్టుకు రెండో స్థానం వచ్చింది. అన్న కాచిగూడలో రైలు దిగి నేరుగా నా గదికి వచ్చాడు. ఒక చేతిలో ప్లాస్టిక్ సీసాలో చెరకు రసం, ఇంకో చేతిలో అట్టపెట్టె. పెట్టెలో పతకం, సర్టిఫికెట్. రెండూ నా మంచం మీద పెట్టాడు.

"తీస్కో. నీ పేరే ఉన్నది."

"నాకెందుకన్నా. ఆడింది నువ్వు కదా" అన్నాను.

"నా పేరు మీద వచ్చే ఏడు తెచ్చుకుంట తియ్. గిది ఉత్త కాగితంరా. ముందు రసం తాగు, ఎట్ల పచ్చగున్నవో చూడు" అన్నాడు.

ఆయన నమ్మే అన్నాడు. అప్పటికి రాష్ట్రంలో ఆయన్ని మించిన ఆటగాడు లేడు, పతకాలు వస్తూనే ఉంటాయనుకున్నాడు. తర్వాతి ఏడు మోకాలు పోయింది. అది నయమయ్యేలోపు జట్టులోకి కొత్తవాళ్లొచ్చారు. ఆ తర్వాత అన్నీ బయటి కాంట్రాక్టులు. జాతీయ పతకం మళ్లీ రాలేదు. అన్న తన జీవితంలో గెలిచిన ఒకే ఒక్క జాతీయ పతకం మీద నా పేరు ఉంది.

దాన్ని పెట్టి నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. క్రీడా కోటాలో, ప్రభుత్వ సంస్థలో, పర్మనెంట్. ఏ సంస్థో ఇక్కడ చెప్పను, చెప్పాల్సినవాళ్లకు చెప్పేశాను. ఆర్డరు వచ్చిన రోజు మల్కాజ్‌గిరికి మిఠాయి పట్టుకుపోతే అన్న రెండు ముక్కలు తిని, గల్లీ అంతా తిరిగి, "నా తమ్మునికి నౌకరి వచ్చింది" అని పంచాడు. ఏ కాగితంతో వచ్చిందో ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆఫీసులో నన్ను ఇప్పటికీ "ప్లేయర్ సార్" అంటారు. నేను చివరిసారి బంతి పట్టుకుని ఎన్నేళ్లయిందో నాకే తెలియదు.

నలభై దాటాక అన్నను పిలిచే జట్లు తగ్గాయి. పొద్దున అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఆట నేర్పేవాడు, మధ్యాహ్నం బైకు మీద మనుషుల్ని దింపేవాడు, ఆదివారం ఎవరు పిలిస్తే వాళ్ల పేరు మీద ఆడేవాడు. పోయినేడు మెట్లెక్కుతూ ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి పోతే గుండె బాగా లేదన్నాడు. అదే సమయంలో మా సంస్థలో కోచ్ పోస్టు పడింది. పర్మనెంట్. ఆటగాళ్లకు వయసులో సడలింపు ఉంది, అన్నకు అదే ఆఖరు. జాతీయ పతకం ఉండాలని షరతు. పతకం లేకపోతే ఒక వెసులుబాటు కూడా ఉంది. ఫలానా మనిషి ఎక్కడెక్కడ ఆడాడో వివరిస్తూ సెక్షన్ నుంచి నోట్ పెట్టి, ఇద్దరు పాత ఆటగాళ్లతో రాయించి జతచేస్తే పైవాళ్లు షరతు సడలించవచ్చు. ఆ ఫైళ్లు చూసే సెక్షన్‌కు సూపరింటెండెంటును నేనే.

తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కలిశాం. అన్న ఎప్పుడూ బెంచీ చివర కూర్చుని ఎడమ కాలు దారిలోకి చాపేవాడు. వెయిటర్లు తట్టుకుని విసుక్కుంటే, "మోకాలు పెద్దమనిషి అయిందన్నా, దానికి వేరే సీటు గావాలె" అని నవ్వించేవాడు. ఆ రోజు నవ్వించలేదు. కాలు ముడుచుకుని కూర్చున్నాడు.

"డాక్టర్ ఏమన్నడో ఎర్కేనా? ఇగ ఉరకొద్దు అన్నడు. విజిల్ ఊదొచ్చా సార్ అని అడిగిన. ఊదొచ్చంట."

నేను నవ్వబోయి ఆగాను.

"ఒక్క నోట్ రాయిరా. మెడల్ లేకున్నా గీ మనిషి ఆడిండు అని. నేను ఎన్ని టీములకు ఆడిన్నో నీకు తెల్వదా? నాకంటే నీకే ఎక్కువ యాదికుంటయ్" అన్నాడు. ఇరవై ఏళ్లలో అన్న నన్ను అడిగింది అదొక్కటే.

"రాస్తా అన్నా."

"పక్కా?"

"పక్కా" అన్నాను.

ఆ ఫైలు పదకొండు రోజులు నా టేబుల్ మీద ఉంది. రోజూ తెరిచేవాణ్ని. నోట్ రాయాలంటే ఏ ఏడు ఎక్కడ ఆడాడో వరసగా రాయాలి. పాత ఆటగాళ్లను అడగాలి. ఎవడో ఒకడు, "ఆ ఏడు నేషనల్స్‌లో కూడా ఉన్నాడు కదా, రెండో స్థానం వచ్చింది" అంటాడు. పాత జాబితా బయటికి వస్తుంది. అందులో అన్న పేరు ఉండదు, నా పేరు ఉంటుంది. తర్వాత నా సర్వీసు రికార్డు తెరుస్తారు. ఇద్దరు పిల్లలు, ఇల్లు, ఇరవై ఏళ్ల ఉద్యోగం, అన్నీ ఆ కాగితం మీదే నిలబడి ఉన్నాయి. భయం వేసింది. దానికి ఇంకో మాట వెతకను.

పన్నెండో రోజు రాశాను. "జాతీయ పతకం ధ్రువపత్రం జతచేయలేదు. అర్హత లేదు." కింద సంతకం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మా ఆఫీసులో పేరు.

అదే హోటల్లో, అదే బెంచీ మీద, "పైవాళ్లు ఒప్పుకోలేదన్నా. నేను రాశాను గానీ" అన్నాను. అన్న కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆయన చెయ్యి చాపి నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు చేసేది నువ్వు చేసినవ్. పరేషాన్ గాకు. ఆదివారాలు ఇంకో టీము పిలుస్తున్నది, కంపెనీ టీము. మంచిగ చూస్కుంటరంట."

"డాక్టర్ ఉరకొద్దన్నాడు కదన్నా" అన్నాను.

"ఉరకను. నిలవడ్త. స్క్రీన్‌కు ఉరికేది ఏమున్నది?" అన్నాడు.

నువ్వు చేసేది నువ్వు చేసినవ్ అన్నది తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని ఇన్ని నెలలుగా తిరగేస్తున్నాను. తెలిసే ఉంటే బాగుండు. కనీసం ఇంటికి పోయేదాకా నన్ను తిట్టుకుని ఉండేవాడు. ఆ రోజు నేను ఇంకో మాట అనాల్సింది. ఆడొద్దు అన్నా అని చెయ్యి పట్టుకోవాల్సింది. ఉద్యోగం రాకుండా చేసినవాడు ఆడొద్దని ఏ మొహం పెట్టుకుని అంటాడు? చాయ్ తాగి లేచాం. ఆయన చౌరస్తా దాటి మల్కాజ్‌గిరి వైపు పోయే బస్సు ఎక్కాడు.

ఇప్పుడు మళ్లీ ఆసుపత్రికి. పేరు మార్చాలంటే ఈ మనిషి ఎవరో తెలిసినవాళ్లు రాసివ్వాలన్నారు. కౌంటర్‌లో ఆమె తెల్లకాగితం ఇచ్చి, "మీరు ఆయనకు ఏమైతరు సార్?" అంది. తమ్ముణ్ని అన్నాను. నిలబడే రాశాను. ఇతని పేరు అది కాదు, ఇది. ఇతను బాస్కెట్‌బాల్ ఆటగాడు. అంతవరకు రాస్తే చాలు. చెయ్యి ఆగలేదు. చెన్నై బ్యాంకు, చక్కెర ఫ్యాక్టరీ, పోలీసు జట్టు, మాల్దీవులు, లీగ్, వరసగా రాసుకుంటూ పోయాను. నా పేరు మీద ఆడిన ఏడు కూడా రాశాను. కాగితం రెండో వైపు తిప్పాను. పన్నెండు రోజుల్లో రాయలేని నోట్ పది నిమిషాల్లో అయిపోయింది, అవే గుండ్రటి అక్షరాలు. ఆమె పైనుంచి కింది దాకా చూసి, "గిదంత అవసరం లేదు సార్, పేరు చాలు" అంది. గోడ పక్కన నిలబడ్డవాడు నా భుజం మీదుగా తొంగి చూసి, తన పేరు కొట్టేశారని నమ్మకం కుదిరాక, అక్కడే కూలబడి ఏడ్చాడు. వాణ్ని ఓదార్చింది కూడా నేనే. పాతికేళ్లు కూడా నిండకముందు నేనూ అలాగే ఒకరికి పేరు అప్పగించి మంచం మీద పడుకున్నవాణ్ని. వాడు నయం, అక్కడికి వచ్చి నిలబడ్డాడు.

పోయిన సోమవారం మా ఆఫీసులో జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఇది అచ్చయ్యేసరికి నా కుర్చీలో ఇంకొకరు ఉండవచ్చు. ఇప్పుడు చెబితే ఎవరికి లాభం అని మా ఆవిడ అడిగింది. ఎవరికీ లేదు. కోచ్ పోస్టులో వేరే అతను చేరి చాలా రోజులైంది, మంచివాడట.

రాసివ్వడానికి ధైర్యం నాకై నాకు వచ్చిందనుకోకండి. అన్న పోయిన పదకొండో రోజున మల్కాజ్‌గిరికి వెళ్లాను. దండ వేయడానికి సరైన ఫోటో కోసం వదిన ట్రంకు పెట్టె తీసింది. అడుగున పాత లుంగీలో చుట్టి ఒక ఫ్రేము ఉంది. ఆ ఏటి రాష్ట్ర జట్టు ఫోటో, మెడల్లో పతకాలు వేసుకుని నిలబడ్డది. వెనక వరసలో అందరికన్నా పొడుగ్గా అన్న.

"గింత మంచి ఫోటో ఎన్నడు గోడకు పెట్టనీయలేదు తమ్మీ" అంది వదిన, కొంగుతో అద్దం తుడుస్తూ. "పెండ్లయిన కొత్తల నేను మేకు కొట్టిన. ఊడవీకి లోపల పెట్టిండు. ఇంటికి ఎవరెవరో వస్తరు, చూస్తరు, తమ్మునికి ఇబ్బంది అయితది అన్నడు. ఏం ఇబ్బందో చెప్పలేదు."

అన్న కూతురు, ఆరో తరగతి పిల్ల, ఫ్రేమును ఒళ్లోకి లాక్కుంది. ఫోటో కింద అచ్చువేసిన పేర్లు వేలు పెట్టి చదువుతూ ఒక్కో మొహానికి ఒక్కో పేరు లెక్కపెట్టుకుంటూ పోయింది. వెనక వరసలో వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"బాబాయ్, నాన్న కింద నీ పేరున్నది" అంది.

చెప్పాను. ఆ పిల్లకు అర్థమయ్యేలా మొదలుపెట్టాను, తర్వాత వదినకు చెప్పినట్టు చెప్పాను. పతకం సంగతి, ఉద్యోగం సంగతి. వదిన వింటూ, "మరి మొన్న గా కోచ్ నౌకరి..." అని ఆగింది. "నేను నోట్ రాయలేదు వదినా. అర్హత లేదని రాశాను" అన్నాను. వదిన లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు నీళ్ల చప్పుడే వినబడింది, గిన్నెల చప్పుడు లేదు.

పిల్లకు ఇందులో ఒక్కటే అర్థమైనట్టుంది, పేరు తప్పు పడిందని. బడి సంచీ తెచ్చుకుని, నోటు పుస్తకాలకు అతికించే లేబుళ్లలోంచి ఒకటి చించింది. పేరు దగ్గర వాళ్ల నాన్న పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. క్లాసు దగ్గర గీత గీసింది. సబ్జెక్టు దగ్గర ఆగి నా వైపు చూసింది.

"బాస్కెట్‌బాల్ అని రాయి" అన్నాను.

రాసి, వెనక కాగితం ఊడదీసి, అద్దం మీద నా పేరు ఉన్నచోట అతికించింది. లేబుల్ పెద్దది. నా పేరుతో పాటు పక్కన ఇంకో ఇద్దరి పేర్లు కూడా కప్పేసింది. అద్దానికి దుమ్ము ఉందో ఏమో, ఒక మూల లేస్తూ ఉంది. పిల్ల దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, అతుక్కునేదాకా తియ్యనని అలాగే కూర్చుంది.